తాళం వేసిన గదిలో అరవై నిమిషాలు

డబ్బు చెల్లించి మరీ తమను ఒక గదిలో బంధించమని కోరేవారు లోకంలో ఉంటారంటే నమ్మడం కష్టం. కాని ఉన్నారు. మేము ఆరుగురం అటువంటివారమే. 2017 నుంచి ఇప్పటివరకు పదకొండు గదులలో బందీలమై, ఏడింటి నుంచి గడువులోపల బయటపడ్డాము. మిగిలిన నాలుగింటిలో ఒకదాని సంగతి వేరు. దాన్ని గురించి తరువాత చెబుతాము.

మాలో ఇద్దరు మెకానికల్, ఒకరు ఎలక్ట్రికల్, ఒకరు ఇన్‌స్ట్రుమెంటేషన్, ఒకరు సివిల్. ఆరవవారు స్టోర్స్ విభాగంలో పనిచేసే సహోద్యోగిని. ఆమెను అందరమూ మేడమ్ అనే పిలుస్తాము. ఈ వ్యాసం ఒక చేత్తో రాసినదే అయినా, అనుభవం ఆరుగురిదీ కనుక ఇందులో అంతటా 'మేము' అనే కనిపిస్తుంది. ఏ పొరపాటు ఎవరిదో చెప్పకుండా దాటవేయడానికి కూడా ఆ మాట మాకు అనుకూలంగా ఉన్నది.

ఆట పేరు ఎస్కేప్ రూమ్. నలుగురైదుగురు మిత్రులు ఒక గదిలోకి వెళతారు. తలుపు మూసుకుంటుంది. గోడ మీద గడియారం అరవై నిమిషాల నుంచి వెనక్కి నడుస్తుంది. గదిలో పెట్టెలు, సొరుగులు, పటాలు, పుస్తకాలు, రకరకాల తాళాలు ఉంటాయి. ఒక చిక్కు విప్పితే ఒక తాళం తెరుచుకుంటుంది, అందులో మరొక చిక్కు ఉంటుంది. చివరి తాళం తలుపుది. అభిమన్యుడికి పద్మవ్యూహంలోకి వెళ్ళడం తెలుసు, బయటికి రావడం తెలియదు. మా పరిస్థితీ అదే. కాకపోతే ఇక్కడ గడువు ముగియగానే నిర్వాహకులే వచ్చి తలుపు తీసి, నవ్వుతూ మంచినీళ్ళు ఇస్తారు.

ఈ ఆట పుట్టింది జపాన్‌లో. 2004లో తోషిమిత్సు తకాగి అనే ఆయన 'క్రిమ్సన్ రూమ్' అనే కంప్యూటర్ ఆటను తయారుచేశారు. ఎర్రటి గదిలో చిక్కుకున్నవాడు తెర మీద వస్తువులను వెదుకుతూ బయటపడాలి. ఇటువంటి ఆటలను నిజమైన గదిలో, నిజమైన మనుషులతో ఎందుకు ఆడించకూడదన్న ఆలోచన టకావో కటోకు వచ్చింది. 2007లో క్యోటో నగరంలో ఆయన సంస్థ 'స్క్రాప్' తొలి ఆటను నిర్వహించింది. 2011లో హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో అత్తిలా గ్యుర్కోవిచ్ 'పారాపార్క్' ప్రారంభించారు. అక్కడి నుంచి ఐరోపా అంతటికీ, కొద్ది కాలానికే మన నగరాలకూ ఈ గదులు వ్యాపించాయి. రైలు ప్రయాణాలలో కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌ను, మధుబాబు గారి షాడోను చదివి పెరిగిన తరం మాది. మేము ఈ ఆటవైపు ఆకర్షితులం కావడంలో ఆశ్చర్యం లేదు.

మా మొదటి గది హైదరాబాదులో. ఒక శిక్షణ కార్యక్రమానికి ఆరుగురమూ వెళ్ళాము. సాయంత్రం ఖాళీ దొరికింది. మాలో ఒకరి కుమార్తె ఫోన్‌లో టిక్కెట్లు కొని పంపింది. లోపలికి వెళ్ళేముందు ఒక కుర్రవాడు నియమాలు వివరించాడు. మూడు సూచనలు అడగవచ్చునని, గోడలో అమర్చిన విద్యుత్ పరికరాలను ముట్టుకోవద్దని చెప్పాడు. ఆరుగురి అనుభవం కలిపితే నూటయాభై సంవత్సరాలు అవుతుందని, సూచనల అవసరం రాకపోవచ్చునని మేము అతనికి తెలియజేశాము.

అది ఒక పాత ప్రయోగశాల. (ఆడినవారు చిక్కుల గుట్టు బయటపెట్టకపోవడం ఈ ఆటలో మర్యాద. అందుచేత వివరాలను కొంత మార్చి చెబుతున్నాము.) గడియారం మొదలైన మూడవ నిమిషంలోనే మా ఎలక్ట్రికల్ మిత్రుడు కుర్చీ ఎక్కి, తలుపుపైన ఉన్న తీగ ఎటు వెళుతున్నదో పరిశీలించసాగారు. వెంటనే పైనున్న స్పీకరులోంచి "సార్, ఆ బాక్సు ఆటలో భాగం కాదండీ, దయచేసి దిగండి" అని వినిపించింది. ఆయన దిగి, పక్కనున్న మరొక బాక్సు వద్దకు వెళ్ళారు. అదీ ఆటలో భాగం కాదట.

మూల బల్ల మీద ఒక ఇనుప పెట్టె, దానికి మూడంకెల తాళం. మా మెకానికల్ మిత్రులలో పెద్దవారు దాన్ని చేతిలోకి తీసుకుని లెక్క కట్టారు. మూడంకెల తాళానికి సాధ్యమైన సంఖ్యలు వెయ్యి. ఒక్కొక్కదానికి రెండు సెకన్లు చాలు. మొత్తం ముప్ఫైమూడు నిమిషాలు. ఇక చిక్కు విప్పవలసిన పనేమిటి? 000 నుంచి మొదలుపెట్టారు. లెక్కలో తప్పు లేదు. అదే నాలుగంకెల తాళమైతే పదివేల సంఖ్యలు, అయిదున్నర గంటలు పట్టేది. కాని మనిషి వేళ్ళు యంత్రం కావు. నాలుగు వందలకు చేరకముందే బొటనవేలు నొప్పి పుట్టి ఆయన విరమించారు. ఆ తరువాత ఎక్కడ ఆపారో గుర్తులేక, మళ్ళీ మొదలుపెట్టడానికి మనసొప్పలేదు.

ఇంతలో మిగిలినవారు తలొక మూల వెదుకుతున్నారు. ఒకరికి ఒక తాళంచెవి దొరికింది. దాన్ని జేబులో వేసుకుని మరిచిపోయారు. ఇంకొకరు పటం వెనుక ఒక గుర్తు చూశారు గాని, అది ముఖ్యం కాదని తామే తీర్మానించుకుని ఎవరికీ చెప్పలేదు. అందరమూ ఒకేసారి మాట్లాడుతున్నాము. సూచన అడగడం నామోషీ అనుకున్నాము. అరవై నిమిషాలు గడిచాయి. తలుపు బయటినుంచి తెరుచుకుంది.

కుర్రవాడు లోపలికి వచ్చి సమాధానం చూపించాడు. బల్ల మీద ప్రయోగశాల సరుకుల రిజిస్టరు ఒకటి ఉన్నది. అందులో మొదటి వరుసలో నిల్వ 40, ఇచ్చినది 12, మిగిలినది 21 అని రాసి ఉంది. 28 ఉండాలి, ఏడు తక్కువ. రెండవ వరుసలో 35లో 10 ఇస్తే 23 అని ఉంది, రెండు తక్కువ. మూడవ దానిలో 60లో 25 పోగా 30 అని ఉంది, అయిదు తక్కువ. తాళం సంఖ్య 725.

"మేడమ్ రెండుసార్లు చెప్పారు కదా సార్!" అన్నాడు ఆ కుర్రవాడు. "మేము కెమెరాలో చూస్తూనే ఉన్నాం. పదిహేనో నిమిషంలో ఒకసారి, తరువాత మరోసారి. నిల్వ సరిపోవడం లేదు సార్, అన్నారు."

మాకు ఆ మాట వినపడలేదని చెప్పలేము. వినపడింది. ముద్రణలో దొర్లిన తప్పు అయివుంటుందని ఒకరం, స్టోర్స్‌వారికి ఎక్కడికి వెళ్ళినా నిల్వల గొడవే అని మరొకరం అనుకున్నాము. మేడమ్ ఇరవైయేళ్ళుగా రిజిస్టర్లు చూస్తున్నవారు. తప్పు లెక్క ఆమె కంటికి తనంతట తానే తగులుతుంది. ఆ గదిలో ఆ చిక్కు విప్పడానికి మాలో అందరికంటే తగినవారు ఆమే. తిరుగు ప్రయాణంలో కారులో ఎవరమూ పెద్దగా మాట్లాడలేదు. ఆమె మాత్రం కిటికీలోంచి చూస్తూ, "పోనివ్వండి సార్, ఆటే కదా" అన్నారు.

ఆ రాత్రి అతిథిగృహంలో మాకు గుర్తుకు వచ్చినది ఆట కాదు. చాలా ఏళ్ళ క్రితం ఒక రాత్రి షిఫ్టులో, శీతలీకరణ నీటి పంపు దగ్గర పనిచేసే హెల్పరు ఒకరు కంట్రోల్ రూమ్‌కు వచ్చి, "పంపు చప్పుడు మారింది సార్" అన్నాడు. ప్యానెల్ మీద కంపనం, ఉష్ణోగ్రత రెండూ హద్దులలోనే చూపుతున్నాయి. చూస్తాములే అన్నాము. గంట తరువాత మళ్ళీ వచ్చి అదే మాట చెప్పాడు. తెల్లవారకముందే బేరింగు పట్టేసి పంపు ఆగిపోయింది. అదృష్టవశాత్తు ఎవరికీ గాయాలు కాలేదు. లాగ్ పుస్తకంలో మేము రాసిన వాక్యంలో 'అకస్మాత్తుగా' అనే పదం ఉన్నది. ఆ పదం ఎంత అబద్ధమో మాకు తెలుసు. హెల్పరు రెండుసార్లు చెప్పిన సంగతి ఆ పుస్తకంలో లేదు.

రెండవ గదికి వెళ్ళేముందు మేము కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాము. దొరికిన వస్తువు ఏదైనా సరే, పైకి చెప్పి నడిమి బల్ల మీద పెట్టాలి. వాడిన తాళంచెవి ఆ తాళానికే ఉండాలి, జేబులోకి పోకూడదు. ఒకే చిక్కు మీద అయిదు నిమిషాలకు మించి కూర్చున్నవారు దాన్ని మరొకరికి అప్పగించాలి. ఎవరైనా ఒక మాట రెండవసారి చెప్పవలసి వస్తే, అందరూ చేస్తున్న పని ఆపి వినాలి. ఈ చివరి నియమం ప్రతిపాదించినది మేడమ్ కాదు. 'చూస్తాములే' అన్న రాత్రి షిఫ్టు ఇంజనీరు.

బెంగుళూరులోని ఆ గది ఒక బ్యాంకు ఖజానా. ఇంకా నాలుగు నిమిషాలు మిగిలి ఉండగా బయటపడ్డాము. యాభైకి చేరువైన మనుషులం అంతగా కేకలు వేసి చాలాకాలమైంది. అక్కడి యువకులు మా ఉత్సాహం చూసి ముచ్చటపడి, గది వెనుకనున్న యంత్రాంగాన్ని కొంత చూపించారు. మా ఇన్‌స్ట్రుమెంటేషన్ మిత్రునికి అది తీర్థయాత్ర వంటిదైంది. బొమ్మను సరైన చోట నిలబెడితే సొరుగు తెరుచుకోవడంలో మంత్రమేమీ లేదు. బొమ్మ అడుగున ఒక చిన్న అయస్కాంతం, పీట కింద ఒక రీడ్ స్విచ్. గాజు గొట్టంలో ఉన్న రెండు సన్నని లోహపు రేకులు అయస్కాంతం దగ్గరకు రాగానే ఒకదానికొకటి తగిలి వలయం పూర్తవుతుంది. ఆ సంకేతం అరచేతిలో ఇమిడే మైక్రోకంట్రోలర్ పలకకు చేరుతుంది. అది రిలేను పనిచేయిస్తుంది. మన కర్మాగారంలో ఇంటర్‌లాక్‌లు చేసే పనినే ఇక్కడ వినోదం కోసం చేయిస్తున్నారు.

తలుపు తాళం మరీ ఆసక్తికరం. అది విద్యుదయస్కాంతం. చౌకట్టుకు అమర్చిన ఆ అయస్కాంతం తలుపుకు బిగించిన ఉక్కు పలకను పట్టి ఉంచుతుంది. పన్నెండు వోల్టులు, సుమారు అర ఆంపియరు. ఇంత స్వల్ప విద్యుత్తుతో రెండు వందల డెబ్బై కిలోల వరకు లాగుడును తట్టుకునే రకాలు సాధారణంగా దొరుకుతాయి. మనుషులు తోస్తే రాదు. కాని కరెంటు పోయిన మరుక్షణం వదిలేస్తుంది. తలుపు పక్కన ఉన్న అత్యవసర బటన్ నొక్కినా, అగ్నిప్రమాద సూచిక మోగినా అదే జరగాలి. విఫలమైనప్పుడు ఏ స్థితికి చేరాలో ముందే నిర్ణయించి తయారుచేసిన తాళం అది. మన కంట్రోల్ వాల్వులకు గాలి సరఫరా ఆగితే తెరుచుకోవాలా, మూసుకోవాలా అని డ్రాయింగులోనే రాసుకుంటామే, అటువంటిదే. "చూశారా, ఈ గదిలో అన్నిటికన్నా తెలివైన వస్తువు ఇదే" అన్నారు మా ఎలక్ట్రికల్ మిత్రుడు. మొదటి గదిలో కుర్చీ ఎక్కి ఆయన వెదికినది దీని తీగనే.

ఆటల రూపకల్పనను అధ్యయనం చేసే ఆచార్యుడు స్కాట్ నికల్సన్ 2015లో ప్రపంచంలోని 175 ఎస్కేప్ రూమ్ కేంద్రాల నుంచి సమాచారం సేకరించి ఒక పత్రం వెలువరించారు. అందులో చిక్కులను అమర్చే పద్ధతుల గురించి చెప్పిన భాగం మాకు చాలా ఉపయోగపడింది. కొన్ని గదులలో చిక్కులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మన భాషలో చెప్పాలంటే సీరీస్ కనెక్షన్. ఒకటి ఆగితే అందరూ ఆగుతారు. మరికొన్నింటిలో అవి సమాంతరంగా ఉండి చివర ఒకచోట కలుస్తాయి. ఇది ఏ రకమో మొదటి అయిదు నిమిషాలలో పోల్చుకోగలిగితే, గుంపుగా కదలాలో విడిపోయి పనిచేయాలో తెలుస్తుంది. మొదటి గది సమాంతరపు గది. మేము విడిపోయాము గాని, తిరిగి కలవడం మరిచిపోయాము.

తరువాతి గదుల గురించి విస్తరించి చెప్పము. ఒక దయ్యాల గదిలో మా సివిల్ మిత్రుడు మొదటి చప్పుడుకే గోడకు అతుక్కుపోయి, అరవై నిమిషాలూ అక్కడి నుంచే సలహాలు ఇచ్చారు. ఆ సలహాలు బాగానే ఉన్నాయి. ఒక రైలుపెట్టె గదిలో పాత టైంటేబుల్ చదవడం తెలిసినవారం కావడంతో సులువుగా గట్టెక్కాము. 2020లో కోవిడ్ కారణంగా ఆట ఆగిపోయింది. మూసిన గదిలో కూర్చోవడానికి ఆ ఏడాది ఎవరూ టిక్కెట్టు కొనవలసిన అవసరం లేకపోయింది.

ఇక వేరుగా చెప్పవలసిన గది.

2022లో ఒక పెళ్ళికి వెళ్ళి, ఒక జిల్లా కేంద్రంలో రెండు రోజులు ఉన్నాము. అక్కడ కొత్తగా ఎస్కేప్ రూమ్ పెట్టారని తెలిసి సంబరపడి వెళ్ళాము. పాత ఇంటి మేడమీద రెండు గదులు. గుహ అట. గోడలకు థర్మోకోల్ పలకలు అతికించి రాళ్ళలా రంగులు వేశారు. కిటికీని ప్లైవుడ్‌తో మూసేశారు. తలుపు ఒక్కటే. దానికి బయట గొళ్ళెం, గొళ్ళానికి మామూలు ఇత్తడి తాళంకప్ప. మేము బూట్లు విప్పుతూ ఉండగా మేడమ్ ఆ తలుపు దగ్గర నిలబడ్డారు.

"సార్, మనం లోపల ఉండగా ఈ అబ్బాయి టీకి వెళితే?"

ఈసారి ఆమె రెండవసారి చెప్పవలసిన అవసరం కలగలేదు. నిర్వాహకుని అడిగాము. లోపల అత్యవసర బటన్ లేదు. రెండవ దారి లేదు. పొగ సూచిక లేదు. తాళంచెవి ఒక్కటే, అది అతని జేబులో ఉంది. "నిజంగా తాళం వేస్తేనే కదండీ మజా!" అన్నాడతను. మర్యాదగానే అన్నాడు. చెడ్డవాడు కాడు. తెలియనివాడు.

మా సివిల్ మిత్రుడు అతనికి పోలెండ్ సంగతి చెప్పారు. 2019 జనవరి 4న ఆ దేశంలోని కొషాలిన్ పట్టణంలో, పుట్టినరోజు వేడుకగా అయిదుగురు బాలికలు ఎస్కేప్ రూమ్‌కు వెళ్ళారు. అందరికీ పదిహేనేళ్ళే. ముందుగదిలో గ్యాస్ లీకై మంటలు అంటుకున్నాయి. బయటపడే దారి ఆ మంటల వైపే ఉన్నది. అక్కడి ఉద్యోగికి కాలిన గాయాలయ్యాయి, లోపలికి చేరలేకపోయాడు. అయిదుగురు పిల్లలూ కార్బన్ మోనాక్సైడ్ పీల్చి మరణించారు. ఆ తరువాత పోలెండ్ ప్రభుత్వం దేశమంతటా ఇటువంటి గదులను తనిఖీ చేయించి, అనేకం మూయించింది. తాళం తీసే ఆట ఆడడానికి వెళ్ళిన పిల్లలకు, బయటికి వచ్చే దారి లేకపోయింది.

నిర్వాహకుడు విన్నాడు గాని, అది విదేశంలో కదా అన్నాడు. మేము ఆడబోమని చెప్పాము. అడ్వాన్సు తిరిగి ఇవ్వడం కుదరదన్నాడు. సరే అని మెట్లు దిగుతుంటే నలుగురు కాలేజీ పిల్లలు ఎదురు వచ్చారు. మా తరువాతి ఆట వారిది. వారికీ చెప్పాము. "అంకుల్, మాకేం భయం లేదు" అని నవ్వుతూ పైకి వెళ్ళారు.

మేము వెళ్ళిపోలేకపోయాము. మా ఎలక్ట్రికల్ మిత్రుడు తిరిగి పైకి వెళ్ళి, తాళంకప్పను గొళ్ళానికి తగిలించి నొక్కకుండా వదిలేయమని నిర్వాహకుని బతిమాలారు. లోపలివారికి తేడా తెలియదు కదా అన్నారు. అతను చివరికి ఒప్పుకున్నాడు. అయినా ఎదురుగా ఉన్న టీ బంకు దగ్గర బల్ల మీద ఆరుగురమూ కూర్చున్నాము. అతను మెట్లు దిగి వస్తాడేమోనని చూస్తూనే ఉన్నాము. మూడు టీలు తాగాము. పెళ్ళివారి నుంచి రెండుసార్లు ఫోను వచ్చింది. యాభై నిమిషాలకు ఆ పిల్లలు కేకలు వేస్తూ దిగి వచ్చారు, గెలిచారట. బల్ల మీద ఇంకా కూర్చుని ఉన్న మమ్మల్ని చూసి ఒక అమ్మాయి ఏదో అడగబోయి, ఊరుకుని, చేయి ఊపి వెళ్ళిపోయింది. ఊరికి చేరాక మేము ఆ నిర్వాహకునికి ఒక పేజీ ఉత్తరం, విద్యుదయస్కాంత తాళం, అత్యవసర బటన్ అమర్చే విధానం చూపే గీతతో సహా పంపాము. జవాబు రాలేదు.

మన మాసపత్రిక పాఠకులకు ఈ ఆట కొంత పరిచయమే. గడచిన మార్చి 4న, జాతీయ భద్రతా దినోత్సవం సందర్భంగా టౌన్‌షిప్ రిక్రియేషన్ క్లబ్బులో కుటుంబాల కోసం నడిపిన 'తాళం తీయండి' పోటీ మేము తయారుచేసినదే. అందులో గదికి తాళం లేదు. రెండు తలుపులూ బార్లా తెరిచే ఉంచాము. తాళం వేసినది బల్ల మీది ఒక ఇనుప పెట్టెకు. ఆట పస తగ్గుతుందని మొదట మాకే అనుమానం కలిగింది. కాని గడియారం నడవడం మొదలయ్యాక తలుపు వైపు చూసినవారు ఒక్కరూ లేరు. మేడమ్ తన స్టోర్స్ అనుభవమంతా ధారపోసి ఒక రిజిస్టరు తయారుచేశారు. ఆరవ తరగతి పిల్లల జట్టు ఒకటి దాన్ని ముప్ఫై ఒక్క నిమిషాలలో ఛేదించింది. వారిలో అందరికంటే చిన్నమ్మాయి ఏదో గొణిగితే, మిగిలినవారు "ఏంటీ, మళ్ళీ చెప్పు" అన్నారు. మేము ఏ నియమాలూ నేర్పలేదు.

ఆ తరువాత విభాగాధిపతుల జట్టు లోపలికి వెళ్ళింది. పది నిమిషాలు గడిచేసరికి వారిలో ఒకరు బల్ల అంచున కూర్చుని మూడంకెల తాళాన్ని 000 నుంచి తిప్పడం కనిపించింది. మేడమ్ మా వైపు చూశారు. మా మెకానికల్ మిత్రుడు తల తిప్పుకున్నారు.

పెట్టె ఇప్పుడు క్లబ్బు బీరువాలో ఉన్నది. ఆడదలచినవారు స్టోర్స్‌లో మేడమ్‌ను అడిగితే రిజిస్టరుతో సహా ఇస్తారు. సంఖ్య మార్చేశామని మాత్రం మనవి.